హెచ్‌ఓడీ గారి మెయిల్ ఐడీ మీరెందుకు తెరవాలి?

ఖమ్మం నుంచి ఒక తండ్రి ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్ఈ ఫైనలియర్. అమెరికాలో ఎంఎస్‌కి ఆరు యూనివర్సిటీలకు అప్లై చేస్తున్నాం. హెచ్‌ఓడీ గారు జీమెయిలే వాడతారు. ఒక్కో యూనివర్సిటీకి ముగ్గురు సార్ల రికమెండేషన్ లెటర్లు కావాలి. కన్సల్టెన్సీ వాళ్లేమో ఆ ముగ్గురి పేరిట కొత్త మెయిల్ ఐడీలు తెరిచి, లెటర్లు తామే అప్‌లోడ్ చేస్తామంటున్నారు. సార్ వివరాల్లో కాలేజీ మెయిల్, జీమెయిల్‌లలో ఏది మంచిది?

జవాబు: కాలేజీ డొమైన్‌తో ఉన్న మెయిల్ మేలు. సార్ ఇచ్చిన సొంత జీమెయిలైనా ఇవ్వొచ్చు, అయితే కొన్ని యూనివర్సిటీలు దాన్ని ఒప్పుకోవు, కొన్ని అదనంగా సరిచూసుకుంటాయి. అందుకే ప్రతి యూనివర్సిటీ అప్లికేషన్ పోర్టల్‌లో ఆ నిబంధన చదవండి. కాలేజీ వెబ్‌సైట్‌లో సార్ పేరు, హోదా కనిపిస్తే సందేహం చాలావరకు తీరుతుంది. జీమెయిల్ వల్ల సీటు పోతుందని బెంగపడకండి. మన కాలేజీల సంగతి అక్కడి అడ్మిషన్ల వాళ్లకు కొత్తేమీ కాదు.

కన్సల్టెన్సీ మాటకు మాత్రం ఒప్పుకోకండి. సార్ పేరుతో వేరొకరు లెటర్ పెట్టడం ఫోర్జరీ. బయటపడితే, వచ్చిన అడ్మిషన్ కూడా రద్దు కావొచ్చు. పద్దెనిమిది లెటర్లు ఒకే కంప్యూటర్ నుంచి, ఒకే వాక్యశైలిలో వెళితే అనుమానం రాదనుకున్నారా? సార్‌ని అడగడానికి మొహమాటపడి ఇంత దూరం వచ్చారు. అడగాల్సింది మీరు కాదు, మీ అబ్బాయి. వాడి అప్లికేషన్ కూడా వాడినే నింపనివ్వండి.

పోర్టల్‌లో సార్ పేరు కాలేజీ వెబ్‌సైట్‌లో ఉన్నట్టే రాయాలి. ఇంటిపేరు లాస్ట్ నేమ్ గడిలో, డాక్టర్ అన్నది ప్రిఫిక్స్‌లో పెట్టాలి. అసోసియేట్ ప్రొఫెసర్‌ని ప్రొఫెసర్ అని రాయకూడదు. ఫోన్ నంబరుకు ముందు 91 ఉండాలి. మెయిల్‌ను టైప్ చేయకుండా, సార్ పంపిన మెయిల్ నుంచి కాపీ చేయండి. ఒక్క అక్షరం తప్పితే, లెటర్ అప్‌లోడ్ చేయమని సార్‌కి వెళ్లాల్సిన లింకు ఇంకెక్కడికో పోతుంది, వెళ్లలేదన్న కబురు కూడా మీకు రాకపోవచ్చు. కొన్ని పోర్టల్స్ వివరాలు సేవ్ చేయగానే లింకు పంపుతాయి, కొన్ని అప్లికేషన్ సబ్మిట్ అయ్యాకే. కాబట్టి సార్‌కి ముందే చెప్పి, స్పామ్ కూడా చూడమనండి. యూనివర్సిటీ, కోర్సు, గడువు ఒకే పట్టికలో ఇవ్వండి. గడువు మన టైములో రాయండి: డిసెంబర్ 15 రాత్రి 11.59 ఈస్టర్న్ అంటే మనకు 16 ఉదయం 10.29. నెల ముందే అడగడం మర్యాద.

లెటర్ చూసే హక్కు వదులుకుంటారా అని పోర్టల్ అడుగుతుంది. అది విద్యార్థుల రికార్డుల గురించి అమెరికాలో 1974లో వచ్చిన ఫెర్పా చట్టం ఇచ్చిన హక్కు. వదులుకోవడం తప్పనిసరి కాదు, కానీ వదులుకుంటే లెటర్‌కు నమ్మకం ఎక్కువ. తర్వాత మార్చడం కష్టం, మొదటే ఆలోచించుకోండి.

నా సందేహం ఒకటుంది. ఆరింటికీ కంప్యూటర్ సైన్సేనా? ఎందుకన్నది మీ ప్రశ్నలో కనిపించలేదు. పక్కింటి అబ్బాయి వెళ్లాడనా? చదువయ్యాక అక్కడ పనిచేసుకునే అనుమతి (ఓపీటీ) 12 నెలలు, సైన్స్, టెక్నాలజీ లాంటి కోర్సులకిచ్చే స్టెమ్ పొడిగింపు మరో 24. ఆ తర్వాత కావాల్సిన హెచ్1బీ ఉద్యోగ వీసాలు ఏటా 65 వేలు, అమెరికా మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20 వేలు, అదీ లాటరీలో. చదువుకు చేసే అప్పు మాత్రం లాటరీ కాదు, తీర్చాల్సిందే. వాడికి ఆ సబ్జెక్టులో ఏం నచ్చిందో హెచ్‌ఓడీ గారికి తెలుసా? తెలియకపోతే ఆయన లెటర్‌లో ఏం రాస్తారు? పెద్ద హోదా కంటే ప్రాజెక్టు చేయించిన అసిస్టెంట్ ప్రొఫెసర్ నయం. ఈ వారంలోనే మీ అబ్బాయిని రెజ్యూమే, మార్కుల మెమోలతో ఆ ప్రాజెక్టు సార్ దగ్గరికి ఒంటరిగా పంపండి.