ల్యూట్ సాధనలో రెండు లిపులు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ల్యూట్ మీద, అంటే మీటి వాయించే ఆ పాత యూరప్ తీగవాద్యం మీద, ఇంగ్లండ్ స్వరకర్త డౌలాండ్ పాటలు వాయించేటప్పుడు మంద్ర స్వరాలు మధ్యలోనే తెగిపోతున్నాయని రాశావు. అది వేళ్లలో బలం లేక వచ్చినది కాదు, ట్యాబ్లేచర్ (తీగలను గీతలుగా, మెట్లను అక్షరాలు లేదా అంకెలుగా చూపే లిపి) ఒక్కటే చూసి సాధన చేయడం వల్ల వచ్చిన లోపం. నేనూ చాలాకాలం అలాగే వాయించాను. ఒకరోజు మా గురువుగారు మంద్ర స్వరాలు నడిచే కింది వరుసను విడిగా పాడమంటే పాడలేకపోయాను.

ఫ్రెంచ్ ట్యాబ్లేచర్ ఏ తీగను ఏ మెట్టు దగ్గర నొక్కాలో అక్షరాలతో చెబుతుంది. పైనున్న కాలచిహ్నాలు తరువాతి మీటు ఎప్పుడో చెబుతాయే గాని, మీటిన స్వరం ఎంతసేపు నిలవాలో చెప్పవు. ఒక బార్‌లో (రెండు నిలువు గీతల మధ్య ఉండే తాళ విభాగంలో) ఆరో తీగ మీద 'సి' ఒక్కసారి, ఆపైన రెండో తీగ మీద సి, డి, సి ఉన్నాయనుకో. ఇక్కడ 'సి' అంటే రెండో మెట్టు, 'డి' అంటే మూడో మెట్టు, స్వరాల పేర్లు కావు. మొదటి తీగను జీ స్వరానికి శ్రుతి చేసిన ల్యూట్‌కు దానినే స్టాఫ్‌లోకి, అంటే స్వరాల పేరునూ నిడివినీ చూపే అయిదు గీతల లిపిలోకి, ఎక్కిస్తే, కింద 'ఎ' బార్ పొడవునా నిలిచి ఉండగా పైన ఇ, ఎఫ్, ఇ నడవడం కంటికి కనబడుతుంది. అప్పుడు ఆరో తీగ మీది చూపుడు వేలు చివరిదాకా లేవకూడదని, పై స్వరాలను మధ్యవేలు, ఉంగరపు వేలు చూసుకోవాలని నీకే తెలుస్తుంది. ఆ సంగతిని మళ్లీ ట్యాబ్లేచర్‌లో అక్షరం పక్కన పెన్సిల్‌తో చిన్న గీతగా గుర్తు పెట్టుకో. రోజుకు ఎనిమిది బార్లు చాలు.

తరువాత ఎదురు దారిలో నడువు. 1597లో అచ్చయిన డౌలాండ్ మొదటి పాటల పుస్తకంలో పాడే వరుస స్టాఫ్‌లోనూ, దాని కిందే ల్యూట్ వరుస ట్యాబ్లేచర్‌లోనూ ఉన్నాయి. ఆ పాడే వరుసను నువ్వే ట్యాబ్లేచర్‌లోకి దించు. మధ్య సీ (పియానో నడుమ ఉండే సీ స్వరం) పైనున్న 'డి' స్వరం రెండో తీగను నొక్కకుండా మీటినా పలుకుతుంది, మూడో తీగ అయిదో మెట్టు మీదా పలుకుతుంది. రెండింటి నాదమూ వేరు. వీణ నేర్చినదానివి గనుక, సరిగమలు రాసిన కాగితం తీగను చెప్పదని నీకు తెలుసు. ఏ చోటు ఎంచుకుంటే పక్క స్వరం తెగకుండా ఉంటుందో వాయించి చూసి, ఆ తరువాతే అక్షరం రాయి.

ఇటాలియన్ ట్యాబ్లేచర్ జోలికి ఇప్పుడే పోవద్దు. అందులో అక్షరాలకు బదులు అంకెలుంటాయి, పై గీత మంద్ర తీగకు చెందుతుంది. కన్ను కుదిరేదాకా అది చేతిని తడబెడుతుంది. ముందుగా నువ్వు ఎక్కించిన ఎనిమిది బార్లను, కింది వరుసను నోటితో పాడుతూ పై వరుసను మాత్రమే మీటి, నాకు రికార్డు చేసి పంపు.

మామయ్య