గంజాయీ ఉంది, చెవిలో మాటలూ వినిపిస్తున్నాయి: విశాఖలో ముందు ఎక్కడికి వెళ్ళాలి?

మీ తమ్ముడికి ఇరవై మూడేళ్ళు, కాలేజీ రోజుల నుంచీ గంజాయి ఉంది, ఈమధ్య వీధిలో వాళ్ళంతా తన గురించే మాట్లాడుకుంటున్నారని రాత్రిళ్ళు గడియలు వేసుకుని కూర్చుంటున్నాడు, గాజువాక చుట్టుపక్కల మంచి డీఅడిక్షన్ సెంటర్ ఏదైనా చెప్పండి అని అడిగారు. సెంటర్ సంగతి తర్వాత చూద్దురుగాని. ముందు సైకియాట్రిస్టు చూడాలండీ. చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మా తమ్ముడిదీ ఇదే వరస. అప్పటికే డాక్టరు రాసిన బిళ్ళలు వేసుకుంటున్నాడు. ఊరవతల ఒక ప్రైవేటు సెంటర్లో చేర్పించాం. చేరిన రోజే ఆ బిళ్ళలు తీసేసుకుని, "ఇవీ మత్తేనమ్మా, ఇక్కడ ధ్యానం, క్రమశిక్షణ, అంతే" అన్నారు. కొన్ని వారాలకి వాళ్ళే ఫోన్ చేసి, "మీవాడు గోడతో మాట్లాడుతున్నాడు, ఇది మెంటల్ కేసు, తీసుకుపోండి" అన్నారు. ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే అక్కడ "ముందు గంజాయి మాన్పించి తీసుకురండి" అన్నారు. వీళ్ళు మా కేసు కాదంటే వాళ్ళూ మా కేసు కాదన్నట్టు వాడు మధ్యలో మిగిలాడు. అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒక్కటే. రెండు జబ్బుల్నీ ఒకే చోట, ఒకే డాక్టరు పర్యవేక్షణలో చూడని చోట చేర్చకండి.

చినవాల్తేరు అంటే ప్రభుత్వ మానసిక వైద్యశాల. ఆంధ్ర మెడికల్ కాలేజీకి అనుబంధం కాబట్టి ప్రొఫెసర్లు, పీజీ డాక్టర్లు ఉంటారు. శ్రీకాకుళం నుంచీ, ఒడిశా నుంచీ కూడా జనం వస్తారు, కాబట్టి ఓపీకి పొద్దున్నే వెళ్ళడం మంచిది. మన ఊళ్ళో ఆ పేరు పిచ్చి అని వెక్కిరించడానికి ఎలా వాడతారో మీకు తెలియంది కాదు. మా అమ్మయితే ఎవరైనా చూస్తారేమోనని గేటు దగ్గర ఆటో దిగనంది. లోపలికి వెళ్ళాక ఓపీ వరసలో మా వీధి వాళ్ళే కనబడ్డారు, తర్వాత అమ్మా వాళ్ళూ కబుర్లలో పడ్డారు!

అక్కడ డాక్టరు చెప్పిన సంగతి మీకూ పనికొస్తుంది. గంజాయి వల్లే వచ్చిన అనుమానాలు, మాటలు వినబడడం అయితే, మానేశాక కొన్ని రోజుల్లోనో వారాల్లోనో సాధారణంగా తగ్గుతాయి. మానేసి సుమారు నెల దాటినా అలాగే ఉంటే, విడిగా జబ్బు ఉందేమోనని చూస్తారు. కాబట్టి మొదటి రోజే జబ్బుకి పేరు పెట్టలేదని కంగారు పడకండి. పేరు తేలేలోపు వైద్యం ఆగదు. ఆయన మమ్మల్ని గుచ్చి గుచ్చి అడిగింది గంజాయి ముందొచ్చిందా, అనుమానం ముందొచ్చిందా అని, అది దొరకని రోజుల్లో ఎలా ఉండేవాడని. ఇది ఏ రక్తపరీక్షా చెప్పదు, ఇంట్లోవాళ్ళే చెప్పాలి. మీకు గుర్తున్నంతవరకు ఒక నోట్‌బుక్కులో రాసి పట్టుకెళ్ళండి. పాత చీటీలు, వాడిన బిళ్ళల అట్టలు కూడా.

బీడీ, సిగరెట్ సంగతి కూడా దాచకండి. ఓలాంజపిన్, క్లోజపిన్ లాంటి మందులు పొగ తాగేవాళ్ళ ఒంట్లో త్వరగా ఖర్చయిపోతాయి. పొగ తాగనివ్వని వార్డులో సరిపోయిన మోతాదు, ఇంటికొచ్చి మళ్ళీ మొదలుపెడితే చాలకపోవచ్చు. పొగతో పాటు మద్యం కూడా తాగే అలవాటుంటే, ఇంట్లో ఒక్కసారిగా ఆపించకండి. రెండుమూడు రోజుల్లో ఫిట్స్, మతి తప్పడం రావచ్చు, అది ప్రాణం మీదికి తెస్తుంది. అలాంటప్పుడు నేరుగా కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకే.

తర్వాత ప్రైవేటు సెంటర్ కావాలనుకుంటే ఫోన్‌లోనే అడిగేయండి. సైకియాట్రిస్టు ఎన్నాళ్ళకొకసారి వస్తారు? ఇప్పుడున్న బిళ్ళలు ఎవరిస్తారు? రాత్రి ఫిట్స్ వస్తే ఎవరుంటారు? రాష్ట్ర మెంటల్ హెల్త్ అథారిటీ రిజిస్ట్రేషన్ ఉందా? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మత్తుమందుల వల్ల వచ్చే మానసిక సమస్యలూ వస్తాయి. గొలుసులు వేయడం ఆ చట్టం ప్రకారం నిషేధం. "మేమే కారు పంపి ఎత్తుకొస్తాం, మీరు రావక్కర్లేదు, మూడు నెలల డబ్బు ముందే కట్టండి" అన్నవాళ్ళతో రెండో మాట మాట్లాడకండి. వాడు ఒప్పుకునే స్థితిలో లేకపోతే అదే చట్టం 89వ సెక్షన్ ఉంది. ఇంటివాళ్ళలో ఒకరు ప్రతినిధిగా దరఖాస్తు పెడితే, నిపుణులు విడివిడిగా పరీక్షించి 30 రోజుల వరకు చేర్చుకోవచ్చు. దారి అదీ, ఎత్తుకురావడం కాదు.

పోలీసు కేసు అవుతుందేమోనని రాశారు. మత్తుమందుల కేసులు పెట్టే ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ ఆ భయం ఉన్నవాళ్ళ కోసమే. వాడకం కేసులోనో, చిన్న మొత్తం దొరికిన కేసులోనో ఉన్నవాడు తనంతట తాను ప్రభుత్వ, లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మేవాళ్ళకి ఇది వర్తించదు.

ఈ రాత్రికి వాడు బయటికి రానంటే బలవంతం చేయకండి, ఎవరూ లేరని వాదించకండి, కత్తులు, కత్తెరలు తీసి దాచండి. 14416కి ఫోన్ చేయండి, అది టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. మత్తుమందుల విషయానికి 14446 ఉంది. రేపు వాడు రాకపోయినా మీరొక్కరైనా ఆ నోట్‌బుక్కు పట్టుకుని ఓపీకి వెళ్ళి, వాణ్ణి ఎలా తీసుకురావాలో అడగండి. మేమూ మొదట అలాగే వెళ్ళాం.