రెండో రోజుకే తుప్పు పడుతున్న బ్లేడు

ప్రశ్న: మాది సఖినేటిపల్లి దగ్గరండి. మా అబ్బాయి పాతకాలపు ఇత్తడి రేజరొకటి, కార్బన్ స్టీలు బ్లేడ్ల ప్యాకెట్టొకటి తెచ్చిచ్చాడు. మొదటి రోజు గడ్డం ఎంత మెత్తగా దిగిందో చెప్పలేను. మర్నాడు రేజరు విప్పి చూస్తే బ్లేడు అంచు పొడుగునా ఇటిక రంగు చుక్కలు. మావి బోరు నీళ్లు. బ్లేడు నాసిరకమా, నా వాడకంలోనే ఏదైనా పొరపాటుందా?

జవాబు: బ్లేడు మంచిదేనండి. మెత్తగా దిగిందని మీరే రాశారు కదా. అది గడ్డం గీసేటప్పుడు పాడవలేదు, గీసుకున్నాక రాత్రంతా తడిలో ఉండి పాడైంది.

స్టెయిన్‌లెస్ బ్లేడులో నూటికి పన్నెండు, పదమూడు పాళ్లు క్రోమియం ఉంటుంది. గాలి తగిలితే అది కంటికి కనపడని పొర కట్టి కింది ఇనుమును కాస్తుంది. కార్బన్ స్టీలుకు ఆ కాపలా లేదు. 1903లో జిల్లెట్ బ్లేడ్లు అమ్మకానికి వచ్చిన దగ్గర్నుంచి 1960ల మొదటి దాకా జనం వాడినవి దాదాపు ఇవే. బ్లేడును రేజర్లోనే వదిలేసి తువ్వాలు అందుకునే అలవాటు మనకు స్టెయిన్‌లెస్ నేర్పింది.

మీ బోరు నీళ్లలో ఉప్పుంది. కాలవలు కట్టేసిన ఎండల్లో ఆ ఉప్పదనం ఇంకా తెలుస్తుంది. నీటి చుక్క ఆరిపోయినా ఉప్పు అక్కడే ఉంటుంది, గాలిలో తేమను మళ్లీ లాక్కుంటుంది. పైగా మీది ఇత్తడి రేజరు. పైన నికెల్ పూత అరిగిపోయిన చోట ఇత్తడీ ఇనుమూ ఒకదాన్నొకటి ఆనుకుని, మధ్యలో ఉప్పు తడి నిలిస్తే చిన్న బ్యాటరీ తయారైనట్టే. అందులో కరిగేది ఇనుమే. రేజరు మూత కింది భాగంలో పడిన చుక్కలు బయటి అంచు మీదివాటికంటే ముదురుగా ఉన్నాయేమో ఒకసారి చూడండి, ఉంటే కారణం అదే అయ్యుంటుంది.

పని అయ్యాక రేజరు పూర్తిగా విప్పెయ్యండి. బ్లేడును పదును లేని పొట్టి చివర్ల దగ్గర పట్టుకుని నురగంతా పోయేలా కడిగి, ఆఖరున తాగడానికి కొనుక్కునే టిన్ను నీళ్లు గ్లాసుడు తీసుకుని వాటిలో ముంచి తియ్యండి. గట్టిగా విదిలించండి. తర్వాత మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ చిన్న మూతలో పోసుకుని అందులో అటూ ఇటూ తిప్పండి. స్పిరిట్ నీటిని తనలో కలుపుకుని క్షణంలో ఎగిరిపోతుంది. పక్కన పొయ్యి, దీపం ఉండకూడదు. బ్లేడును సాసరు అంచుకు ఏటవాలుగా చేరేసి, స్నానాలగదిలో కాకుండా గాలాడే గూట్లో పెట్టండి. తువ్వాలుతో మాత్రం తుడవొద్దు. దాని పోగులు అంచుకు తట్టుకుంటాయి, వేలు కూడా తెగుతుంది. రెండు మూడు రోజులు వాడని పక్షంలో కుట్టు మిషను నూనె ఒక్క చుక్క రాసి ఉంచి, వాడే ముందు సబ్బునీళ్లతో కడుక్కోండి.

ఇంత చేసినా మూడు, నాలుగు గడ్డాలకు మించి ఆశపడకండి. అంచు మీద చుక్క కనపడిందంటే ఆ బ్లేడు తీసెయ్యాల్సిందే. అక్కడ పదును గుంట పడి ఉంటుంది, చర్మాన్ని గీరుతుంది. రోజూ ఈ నిమిషం కేటాయించలేననుకుంటే స్టెయిన్‌లెస్సే వాడుకోండి, తప్పేం లేదు. నా మటుకు నాకు ఆ నిమిషం ఇష్టం.

నేను ఐటీఐలో పిల్లలకు ఫిట్టరు పని నేర్పి రిటైరయ్యాను గానీ, ఇనుము సంగతి నాకు మొదట నేర్పింది మా నాన్న. ముమ్మిడివరం వైపు ఆయనది క్షౌరవృత్తి. 1996 నవంబరు తుపానులో ఇంటి కప్పు లేచిపోయి ఆయన పొది రెండు రోజులు తడిలో నానింది. కత్తులు తీస్తే ఎర్రగా ఉన్నాయి. కరెంటు లేదు, కొబ్బరిచెట్లన్నీ నేలమీదున్నాయి. ఆయన అరుగు మీద కూర్చుని జల్లించిన బూడిదలో కిరసనాయిలు కలిపి, గుడ్డపేలికతో ఒక్కో కత్తినీ వెన్ను నుంచి అంచు వైపుకే రుద్దారు. ఒక్కసారి కూడా చెయ్యి వెనక్కి రాలేదు. తర్వాత సానరాయి, ఆ తర్వాత తోలుపట్టా. మూడు కత్తుల్లో రెండు బతికాయి. మూడోదాని మీద పడిన గుంట వేలిగోరుకు తగిలేది. "ఇది ఇక మనిషి ముఖం మీద పెట్టకూడదురా" అని పక్కన పెట్టేశారు. పలచటి బ్లేడుకు మళ్లీ సాన పట్టే వీల్లేదు గనక మనకు ఆ మాట ఇంకా ముందే వర్తిస్తుంది.

ప్రశ్న: మా తాతయ్య పాత బ్లేడును గాజుగ్లాసు లోపల రుద్ది మళ్లీ వాడేవారు. నిజంగా పదును వస్తుందా? తుప్పు బ్లేడు తెగితే ధనుర్వాతం వస్తుందంటారు, అదీ చెప్పండి. (ఒక పాఠకురాలు, అమలాపురం)

జవాబు: మీ తాతగారు చేసింది వట్టి నమ్మకం కాదమ్మా. వాడిన బ్లేడు అంచు సన్నగా పక్కకు ఒరుగుతుంది. గాజు వంపు మీద మెల్లగా రుద్దితే కొంత నిటారుగా నిలబడుతుంది, మా నాన్న తోలుపట్టా చేసే పనే అది. అరిగిపోయిన పదును మాత్రం తిరిగి రాదు. బ్లేడ్లు అరుదుగా, ఖరీదుగా దొరికిన రోజుల్లో ఇంకో రెండు గడ్డాలు వస్తే గొప్పే. ఇప్పుడు వేళ్లు తెగ్గోసుకుని ఆ పని చెయ్యక్కర్లేదు.

ధనుర్వాతం తుప్పు వల్ల రాదు. మట్టిలో, పేడలో ఉండే సూక్ష్మజీవి గాయంలోకి దిగితే వస్తుంది. నేల మీద పడున్న బ్లేడు తుప్పు పట్టినా, తళతళలాడినా ఆ ప్రమాదం ఉన్నట్టే. తెగితే సబ్బుతో బాగా కడిగి డాక్టరుకు చూపించండి, టీటీ ఇంజెక్షను ఎప్పుడు చేయించుకున్నారో చెప్పండి.

ప్రశ్న: వాడేసిన బ్లేడ్లు ఎక్కడ పారెయ్యాలి? మావారు కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేస్తున్నారు. (ఒక గృహిణి, తణుకు)

జవాబు: కాగితం చాలదండి. చెత్త ఎత్తేవాళ్లు చేత్తోనే తీస్తారు, ఆవులు ఆ కాగితాన్నే నములుతాయి. మూత గట్టిగా పట్టే రేకు డబ్బా ఒకటి తీసుకుని, మూతకు బ్లేడు పట్టేంత చీలిక పెట్టించండి. మూత చుట్టూ టేపు వేసి పిల్లలకు అందని చోట ఉంచండి. మనిషికి వారానికి రెండు బ్లేడ్లనుకున్నా అది నిండడానికి ఏళ్లు పడుతుంది. నిండాక చీలికను కూడా మూసేసి, పైన "బ్లేడ్లు" అని పెద్ద అక్షరాలతో రాసి, చెత్తబండి వచ్చినప్పుడు విడిగా చేతికివ్వండి, లోపలేముందో నోటితో కూడా చెప్పండి.