శుభలేఖ మీద ఏమని వేయిస్తాం?

"స్వలింగ వివాహాలకి చట్టం వస్తే మన సంప్రదాయ కుటుంబాలు ఒప్పుకుంటాయా?" అని కదా ప్రశ్న.

ఒప్పుకోవు. 2023లో అమెరికా పరిశోధన సంస్థ ప్యూ చేసిన సర్వేలో మనవాళ్ళు 53 శాతం మంది సరేనన్నారని సంబరపడేవాళ్ళున్నారు. అడిగింది దేశం సంగతి. అదే మనిషిని "మీ రెండో అబ్బాయికైతే?" అనండి, లెక్క తిరగబడుతుంది.

మన ఇళ్ళలో అభ్యంతరం శాస్త్రాల దగ్గర లేదు, సంబంధాల దగ్గర ఉంది. అబ్బాయి మియాపూర్‌లో ఇంకో అబ్బాయితో ఎనిమిదేళ్ళుగా ఒకే ఫ్లాట్‌లో ఉంటాడు. సంక్రాంతికి ఇద్దరూ కలిసే ఊరికొస్తారు. అమ్మ అరిసెలు డబ్బాకెత్తేటప్పుడు ఆ రెండోవాడికీ అడక్కుండానే సర్దుతుంది. అతను వెల్లుల్లి తినడని వేరే జాడీలో ఆవకాయ కూడా పెడుతుంది. ఆమెకి తెలీదనుకోకండి. నాన్నకీ తెలుసు. "మావాడి ఫ్రెండు" అన్న ఒక్క మాట చాటున ఇంటిల్లిపాదీ నెట్టుకొస్తుంటారు. ఆ మాట పక్కనపెట్టి "పెళ్ళి" అన్నరోజే రభస. అప్పుడు కూడా ముందొచ్చేది "దేవుడు క్షమించడు" కాదు, "చెల్లికి సంబంధాలు చూస్తున్నాం, శుభలేఖ మీద ఏమని వేయిస్తాం?" చెల్లి పెళ్ళయ్యాక అదే మాట ఎత్తితే అరుపులు సగానికి సగం తగ్గుతాయి. అందుకే ఎప్పుడు చెప్పాలా అని ఆలోచించేవాళ్ళు పంచాంగం కాదు, తోబుట్టువుల పెళ్ళిళ్ళు చూసుకోవాలి.

ఆడపిల్లలిద్దరైతే ఈపాటి వెసులుబాటు కూడా ఉండదు. పాతికేళ్ళు దాటకముందే పీటల మీద కూర్చోబెట్టేస్తారు.

చట్టం మనసుల్ని మార్చేదైతే, కులమతాలతో పనిలేకుండా రిజిస్టర్ పెళ్ళి చేసుకోనిచ్చే స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ వచ్చి 1954 నుంచి ఇన్నేళ్ళలో కులాంతర వివాహాలకి గొడవలు ఆగిపోవాలి. ఆగాయా? పెళ్ళికి ముందు రిజిస్ట్రారు ఆఫీసులో అంటించే ఆ 30 రోజుల నోటీసు చూసే కదా చాలాచోట్ల ఇంటికి కబురెళ్ళేది! 

2021 డిసెంబరులో హైదరాబాద్ జంట సుప్రియో, అభయ్ బంధుమిత్రుల మధ్య బెంగాలీ, పంజాబీ పద్ధతుల్లో వేడుక చేసుకున్నారు. స్వలింగ వివాహాలకి గుర్తింపు కోరిన సుప్రీంకోర్టు కేసు ఆ సుప్రియో పేరు మీదే నడిచింది. 2023 అక్టోబరు 17న ఐదుగురు జడ్జీలూ పెళ్ళి ప్రాథమిక హక్కు కాదన్నారు, తీర్పు మళ్ళీ చూడమని వేసిన రివ్యూ పిటిషన్లు కూడా 2025 జనవరిలో కొట్టేశారు. కాబట్టి ఇంట్లోవాళ్ళ మనసు మారేలోగా కాగితాలు చక్కబెట్టుకోండి.

బ్యాంకు జాయింట్ ఖాతాకి, నామినీగా పెట్టుకోడానికి అడ్డులేదని 2024 ఆగస్టులో కేంద్రమే స్పష్టం చేసింది. ఖాతా 'ఐదర్ ఆర్ సర్వైవర్' పద్ధతిలో, అంటే ఇద్దరిలో ఎవరైనా నడిపేలా, ఒకరు పోతే మిగిలినవాళ్ళు తీసుకునేలా తెరవండి. కానీ నామినీ అంటే డబ్బు అందుకునేవాడే, సొంతదారు కాదు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఇన్సూరెన్స్‌లో నామినీకే హక్కుగా డబ్బు దక్కేది తల్లిదండ్రులు, భార్య లేక భర్త, పిల్లలు అయితేనే. పార్ట్‌నర్ పేరు రాసినా వారసులొచ్చి అడగొచ్చు. పెళ్ళికాని హిందూ మగవాడు వీలునామా లేకుండా పోతే, సొంత సంపాదనతో కొన్న ఫ్లాటైనా తల్లికే వెళ్తుంది.

అందుకని వీలునామా తప్పదు. స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించండి. ఇద్దరు సాక్షులు కావాలి. రేపు తగాదా వస్తే వాళ్ళలో ఒకరైనా కోర్టుకొచ్చి చెప్పాలి, కాబట్టి మీకంటే చిన్నవాళ్ళని, ఊళ్ళోనే ఉండేవాళ్ళని చూసుకోండి. ఆస్తి ఎవరికి రాస్తున్నారో అతను దగ్గరుండి రాయించకూడదు, అనుమానానికి అదే మొదటి దారి.

ఒక్కదానికి, అంత్యక్రియలకి మాత్రం వీలునామా కూడా గట్టిగా అక్కరకి రాదు. దగ్గరి బంధువులు అందుబాటులో లేకపోతే భౌతికకాయాన్ని పార్ట్‌నర్‌కి ఇవ్వొచ్చని ఆరోగ్యశాఖ రాష్ట్రాలకి రాసింది. 'అందుబాటులో లేకపోతే' అట. ఫోను వెళ్ళిన రాత్రే ఊరి నుంచి రెండు కార్లు బయల్దేరతాయి.