పాత మ్యాప్ కొనేముందు వెనక్కి తిప్పి చూడు

ఒరేయ్ కిట్టూ,

రోటర్‌డామ్ వెళ్లి ఏడాది తిరక్కుండానే పాత మ్యాపుల మీద పడ్డావట, డబ్బులు తగలేస్తున్నాడు నువ్వైనా చెప్పన్నయ్యా అని మీ అమ్మ ఒకటే గోల. నేనేం వద్దనను గానీ ఫ్రేము కట్టి గోడకి తగిలించింది చూసి మోజుపడి కొనెయ్యకు, ఫ్రేములోంచి తీసి చూపించమను, తియ్యనంటే ఓ నమస్కారం పెట్టి వచ్చెయ్.

అసలు సంగతంతా వెనకాలే ఉంటుందిరా. ఓర్టెలియస్ అనే మ్యాపులాయన వేసిన అట్లాసే తీసుకో, 1570లో ఆంట్వెర్ప్‌లో 53 షీట్లతో మొదలై 1612 దాకా లాటిన్, డచ్, ఫ్రెంచ్, జర్మన్ ఇలా చాలా భాషల్లో మళ్లీ మళ్లీ అచ్చేశారు. చాలా మ్యాపులకి ముందువైపు బొమ్మ చెక్కి అచ్చేసే రాగిరేకు అదే, వెనకవైపు వచనం మాత్రం మారుతూ వచ్చింది. ఆ భాషా, పేజీ నంబరూ, లైను ఏ మాట దగ్గర విరిగిందీ చూసి ఏ ఎడిషన్‌లోంచి ఊడదీసిన షీటో పట్టేస్తారు.

తర్వాత భూతద్దం పెట్టు. గీతలు తెగకుండా నల్లగా ఉండాలి, సన్న చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది ఈ కాలం ప్రింటే. బొమ్మ చుట్టూ అంచుల్లో రాగిరేకు నొక్కుకున్న గుర్తు వేలికి తగులుతుంది, అంచులు మరీ కత్తిరించేసి ఉంటే మాత్రం తగలదు. కాగితం వెలుతురుకి పెడితే అడ్డం నిలువు చారలు కనపడాలి.

రంగుల దగ్గరే ఎక్కువ మోసపోతారు. అప్పట్లో ఆకుపచ్చ రాగిచిలుముతో చేసేవాళ్లు, అది కాగితాన్ని తినేస్తుంది, అందుకే వెనకవైపు ఆ చోటల్లా గోధుమరంగు దిగి ఉంటుంది. అలా ఉంటే పాత రంగని కొంచెం నమ్మొచ్చు, మరీ పగుళ్లిచ్చి ఉంటే వదిలెయ్. వెనక తెల్లగా మెరుస్తూ ముందు పచ్చగా నిగనిగలాడుతుంటే మొన్నమొన్న వేసిన రంగేమో, తప్పని కాదు గానీ పాత రంగు రేటు ఇవ్వకు. నన్నడిగితే రంగులేనిదే అందం, చవక కూడా.

ప్రపంచ పటాల జోలికి పోకు, జేబు చిల్లు. ఒక్క ప్రాంతం పట్టుకో, మన వైపే పట్టుకో. డచ్ కంపెనీ వాళ్లు 1600ల మొదట్లోనే మచిలీపట్నంలో దిగారు కదా. సాన్సన్ అని ఓ ఫ్రెంచ్ మ్యాపులాయన 1652లో వేసిన దక్షిణాది మ్యాపుకైతే టైటిల్లోనే గోల్కొండ రాజ్యం ఉంటుంది, పక్కన బిస్నగర్ పేరుతో విజయనగరం కూడా, తళ్లికోట యుద్ధమై 87 ఏళ్లయినా పాపం అట్లాసులో రాజ్యం పోలేదు! ఇలాంటివి దొరికితే నాకు అన్నం కూడా అక్కర్లేదు.

కొన్నాక లామినేషన్ చేయించకు, సెల్లో టేపు అసలే వద్దు, ఆసిడ్ లేని అట్టల మధ్య పడుకోబెట్టు, ఎండ తగలనివ్వకు.

ముందు ఓ శనివారం ట్రైనెక్కి ఆంట్వెర్ప్‌లో ప్లాంటిన్-మోరెటస్ మ్యూజియం చూసి రా, ఓర్టెలియస్ అట్లాసు 1579 నుంచి కొన్నేళ్లు ఆ ప్లాంటిన్ ప్రెస్సులోనే అచ్చయింది, ఆ కాలం ప్రెస్సులు ఇంకా అక్కడే ఉన్నాయి. సోమవారం వెళ్లకు, మూసేస్తారు.

మీ మావయ్య