కొమ్మ మీద కదలని పాము

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. అండమాన్‌లో వక్కతోట పనికొచ్చాం. పొదల కొమ్మల మీద గోధుమరంగు మచ్చల పాము గంటలకొద్దీ కదలకుండా ఉంటోంది. పిల్లలున్నారు, టెన్షన్‌గా ఉంది. విషపామేనా?

జవాబు: అవునమ్మా, మీరు చెప్పినదాన్ని బట్టి అది అండమాన్ పిట్ వైపర్ అయ్యుండొచ్చు. ఆ దీవుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. కంటికీ ముక్కురంధ్రానికీ మధ్య చిన్న గుంట ఉంటుంది. దాంతో చీకట్లోనూ ఎర ఒంటి వేడిని పసిగడుతుంది. అందుకే వెంటాడదు, కాపు కాస్తుంది. నేను మొదటిసారి దాన్ని ఎండుపుల్ల అనుకుని పక్కకు తప్పించబోయాను. జానెడు దూరంలో తల కనిపించింది. ఆ వణుకు ఇంకా మరిచిపోలేదు.

మన ఆసుపత్రుల్లో ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి విషాలతో తయారైంది. దీని విషం అందులో లేదు. కాబట్టి కాటు పడకుండా చూసుకోవడమే ముఖ్యం. కొమ్మ పట్టుకునే ముందు కర్రతో తట్టండి, రాత్రి టార్చి లేకుండా కదలొద్దు. కరిస్తే కోయొద్దు, గట్టిగా కట్టొద్దు. కాలో చెయ్యో కదపకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పామును మాత్రం చంపకండమ్మా, ఫారెస్టు వాళ్లకు కబురు చేయండి.