డీఎన్ఎస్ టైమౌట్ వస్తోందా? ముందు ఆ ఐదు సెకన్ల సంగతి చూడు

తమ్ముడూ,

సర్వర్లో డీఎన్ఎస్‌ని (పేరిస్తే ఐపీ అడ్రస్ చెప్పే వ్యవస్థ) ఏ పేరు అడిగినా ఐదు సెకన్లు ఆగి అప్పుడు పలుకుతోందన్నావు, మీ టీంలోవాళ్లేమో గూగుల్ డీఎన్ఎస్ సర్వర్ 8.8.8.8 పెట్టేస్తే పోతుందంటున్నారన్నావు. అప్పుడే పెట్టకు. మీ ఆఫీసు లోపలి పేర్లు బయటి సర్వర్‌కి తెలియవు, ఒక తలనొప్పి పోయి ఇంకోటి వస్తుంది.

ఆ ఐదు ఊరికే రాలేదు. లినక్స్ మామూలుగా ఒక్కో నేమ్‌సర్వర్ (డీఎన్ఎస్ ప్రశ్నలకి పలికే సర్వర్) జవాబు కోసం ఎదురుచూసేది ఐదు సెకన్లు. ఆ సర్వర్ల జాబితా ఉండే రిజాల్వ్.కాన్ఫ్ ఫైల్లో మొదటి సర్వర్ పడిపోయి రెండోది బాగానే ఉంటే సరిగ్గా నువ్వు చెప్పినట్టే ఉంటుంది, ఎందుకంటే పోయినసారి మొదటిది పలకలేదన్న సంగతి గ్లిబ్‌సీ (లినక్స్‌లో ప్రోగ్రాముల తరఫున పేర్లు అడిగే లైబ్రరీ) గుర్తుపెట్టుకోదు, ప్రతిసారీ మళ్లీ దాన్నే అడిగి, ఆగి, అప్పుడు రెండోదాని దగ్గరకి పోతుంది. (ఆ ఫైల్లో 127.0.0.53 ఒక్కటే కనిపిస్తే అది నీ మెషీన్ లోపలి అడ్రసే, అసలు సర్వర్లు రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్ అనే కమాండ్‌లో ఉంటాయి.)

డీఎన్ఎస్‌ని నేరుగా అడిగే డిగ్ కమాండ్‌లో @ పక్కన ఐపీ ఇచ్చి ఒక్కో సర్వర్‌నీ విడిగా అడుగు. ఎన్ఎక్స్‌డొమైన్ వచ్చిందంటే ఆ సర్వర్ బతికే ఉంది, పేరు లేదంటోంది అంతే. సర్వ్‌ఫెయిల్ (నేను తేల్చలేకపోయాను అని) వచ్చినా అది జవాబే. టైమౌట్ అంటే అసలు ఏమీ రాలేదని. అప్పుడు వచ్చే పోయే ప్యాకెట్లు చూపించే టీసీపీడంప్ పెట్టి, డీఎన్ఎస్ వాడే పోర్ట్ 53 చూడు: ప్రశ్న బయటికి వెళ్లి జవాబు రాకపోతే తేడా దారిలోనో ఆ సర్వర్లోనో ఉంది, జవాబు వచ్చినా అప్లికేషన్‌కి అందకపోతే మీ మెషీన్ ఫైర్‌వాల్ మీదే నా అనుమానం.

చిన్న జవాబులు వచ్చి పెద్దవి మాత్రమే ఆగిపోతుంటే అది వేరే కథ. ఫైర్‌వాల్ వాళ్లు 53కి యూడీపీ ఒక్కటే తెరిచి టీసీపీ (ఇవి డేటా పంపే రెండు పద్ధతులు) మర్చిపోవడం నేను చాలా చోట్ల చూశాను, జవాబు యూడీపీలో పట్టకపోతే టీసీపీలో మళ్లీ అడగాలి కదా, అక్కడ ఆగిపోతుంది. డిగ్‌కి +టీసీపీ ఇచ్చి చూస్తే తేలిపోతుంది. ముక్కలైన ప్యాకెట్లు దారిలో పోతుంటే డిగ్‌లో బఫ్‌సైజ్ (యూడీపీ జవాబు ఎంత పెద్దది రావచ్చో చెప్పేది) 1232 బైట్లు పెట్టి చూడు, 2020లో డీఎన్ఎస్ సాఫ్ట్‌వేర్ వాళ్లు కలిసి జరిపిన డీఎన్ఎస్ ఫ్లాగ్ డే అప్పుడు సిఫార్సు చేసిన సైజు అది.

నెట్‌వర్క్ టీంకి "డీఎన్ఎస్ స్లో" అని టికెట్ పెడితే ఎవరూ పట్టించుకోరు. ఏ ఐపీని, ఎన్ని గంటలకి, ఏ పేరు అడిగితే జవాబు రాలేదో టీసీపీడంప్ క్యాప్చర్‌తో పంపు. వాళ్లు సరిచేసేలోగా రిజాల్వ్.కాన్ఫ్‌లో పడిపోయిన సర్వర్‌ని కిందకి జరిపి టైమౌట్ 1 సెకనుకి తగ్గించుకో, కానీ ఆ ఫైల్‌ని డీహెచ్‌సీపీ (మెషీన్‌కి నెట్‌వర్క్ సెట్టింగులు ఇచ్చేది) రాస్తుంటే రీబూట్ అయ్యాక మళ్లీ పాతదే వస్తుంది, అందుకని మార్పు అక్కడే చెయ్యమని అడుగు.